పాతబస్తీ గల్లీలో పెట్టే కంపెనీకి రూల్ ఢిల్లీది ఎందుకు? నిజాం చట్టం పోయి దేశమంతా ఒకే చట్టం ఎలా వచ్చింది?

సింగరేణి బొగ్గు కంపెనీ వార్షిక నివేదిక ఎప్పుడైనా తీసి చూడండి. అందులో ఒక పొడవాటి కోడ్ కనిపిస్తుంది. యూ10102టీజీ1920ఎస్‌జీసీ000571. ఒకప్పుడు చార్మినార్ సిగరెట్‌తో ఊరూరా పేరు తెచ్చుకున్న వజీర్ సుల్తాన్ టొబాకో, అదే ఇప్పటి వీఎస్‌టీ ఇండస్ట్రీస్ కాగితాల మీద ఇంకోటి ఉంటుంది. ఎల్29150టీజీ1930పీఎల్‌సీ000576. చూడ్డానికి తలనొప్పిగా ఉన్నా ఇది కంపెనీకి ఆధార్ నంబర్ లాంటిది. దీన్ని సీఐఎన్ అంటారు. అంటే కార్పొరేట్ ఐడెంటిటీ నంబర్.

మొత్తం 21 అక్షరాలు, అంకెలు. మొదటి అక్షరం ఆ కంపెనీ షేర్లు స్టాక్ మార్కెట్లో లిస్ట్ అయ్యాయా లేదా చెబుతుంది. తర్వాతి ఐదు అంకెలు ఏ వ్యాపారమో చెబుతాయి. ఆ తర్వాత రాష్ట్రం, పుట్టిన సంవత్సరం, ఏ రకం కంపెనీ, చివర్లో రిజిస్ట్రేషన్ నంబర్. మన బండి నంబర్ ప్లేట్ మీద టీఎస్ పోయి టీజీ వచ్చింది 2024లో. కంపెనీల నంబర్లలో మాత్రం అంతకు చాలా ముందే ఏపీ పోయి టీజీ వచ్చేసింది.

సరే, అసలు విషయం ఇది కాదు. ఆ కోడ్ మధ్యలో ఉన్న 1920, 1930 చూడండి. అప్పటికి తెలంగాణ రాష్ట్రం లేదు. భారత రాజ్యాంగం లేదు. బ్రిటిష్ ఇండియాలో కంపెనీల చట్టం ఉంది కానీ అది హైదరాబాద్‌కు వర్తించదు. మరి ఈ కంపెనీలు ఏ చట్టం కింద పుట్టాయి? నిజాం చట్టం కింద.

మనకో సొంత చట్టం ఉండేది

దాని పేరు హైదరాబాద్ కంపెనీల చట్టం. 1320 ఫసలీలో వచ్చిన నాలుగో చట్టం. ఫసలీ అంటే నిజాం రాజ్యంలో సర్కారు లెక్కలకు వాడిన సంవత్సరం. దానికి 590 కలిపితే సుమారుగా ఇంగ్లిష్ సంవత్సరం వస్తుంది. అంటే 1910-11. ఆరో నిజాం మహబూబ్ అలీ పాషా పాలన ముగుస్తున్న రోజులవి. ఆయన చనిపోయింది 1911 ఆగస్టులో. బ్రిటిష్ వాళ్లు తమ ఇండియాకు కొత్త కంపెనీల చట్టం తెచ్చుకున్నది 1913లో. ఆ చట్టం కంటే మనది రెండేళ్లు సీనియర్.

ఇప్పుడు వింటే వింతగా ఉంటుంది కానీ అప్పట్లో హైదరాబాద్ నుంచి బెజవాడ వెళ్లడం అంటే ఒక రాజ్యం దాటి ఇంకో రాజ్యంలోకి వెళ్లడమే. మధిర దాటాక బ్రిటిష్ మద్రాస్ ప్రెసిడెన్సీ. ఇటువైపు కోర్టుల్లో ఉర్దూ, అటువైపు ఇంగ్లిష్. ఇటు నిజాం హాలీ సిక్కా, అటు బ్రిటిష్ రూపాయి. అక్కడి ఆరు రూపాయలు కావాలంటే మన ఏడు రూపాయలు ఇచ్చుకోవాలి. సరిహద్దులో సరుకు మీద సుంకం వసూలు చేయడానికి కరోడ్‌గిరి అనే శాఖ కూడా ఉండేది.

కంపెనీల విషయంలోనూ అదే కథ. బ్రిటిష్ ఇండియా బయట పుట్టిన కంపెనీ ఏదైనా అక్కడ ఆఫీస్ తెరిస్తే, అక్కడి రిజిస్ట్రార్‌కు తన పుట్టుపూర్వోత్తరాల పత్రాలన్నీ విడిగా దాఖలు చేయాలి. 1913 చట్టం అలాగే చెప్పింది. ఆ లెక్కన హైదరాబాద్‌లో రిజిస్టర్ అయిన కంపెనీ బెజవాడలోనో బొంబాయిలోనో ఆఫీస్ పెడితే, లండన్ కంపెనీకి ఎలాంటి రూలో దీనికీ అలాంటి రూలే. ఇరుగుపొరుగే కానీ చట్టం దృష్టిలో పరాయివాళ్లు.

లండన్‌లో కంపెనీ, ఇల్లందులో బొగ్గు

కంపెనీ ఏ గడ్డ మీద రిజిస్టర్ అయితే ఏంటి అని తీసిపారేయకండి. ఎక్కడ రిజిస్టర్ అయితే అక్కడి చట్టమే దాన్ని అడుగుతుంది, అక్కడి కోర్టే లెక్క తేలుస్తుంది. ఈ సంగతి హైదరాబాద్‌కు 1880ల్లోనే బాగా దెబ్బతిని తెలిసింది.

ఇల్లందు బొగ్గు, ఇతర ఖనిజాలు తవ్వుకునే హక్కు కోసం 1886లో లండన్‌లో హైదరాబాద్ దక్కన్ కంపెనీ పుట్టింది. పేరులో హైదరాబాద్ ఉంది, గనులు హైదరాబాద్ రాజ్యంలో ఉన్నాయి, కంపెనీ మాత్రం ఇంగ్లండ్‌ది. మూలధనం కాగితం మీద 10 లక్షల పౌండ్లు. అందులో 85 శాతం షేర్లు హక్కు సంపాదించిన వాళ్లకే, మొత్తం సొమ్ము చెల్లించేసినట్టు రాసి ఇచ్చేశారు. నిజానికి వాళ్లు ఆ షేర్లకు డబ్బు కట్టలేదు. ఆ తర్వాత అవే షేర్లు మార్కెట్లోకి వచ్చాయి. కొన్నవాళ్లలో సాక్షాత్తూ నిజాం ప్రభుత్వం కూడా ఉంది! ఆ కొనుగోలు నడిపించింది నిజాం కొలువులోనే ఉన్న ఉన్నతాధికారి అబ్దుల్ హక్. విషయం బయటపడి ఆయన పదవి పోయింది.

మరి విచారణ ఎక్కడ జరిగింది? హైదరాబాద్‌లో కాదు. 1888లో లండన్‌లో బ్రిటిష్ పార్లమెంట్ దిగువ సభ వేసిన సెలెక్ట్ కమిటీ ముందు జరిగింది. మన బొగ్గు, మన ఖజానా డబ్బు, మన అధికారి. ప్రశ్నలు అడిగింది మాత్రం వాళ్లు.

1920 డిసెంబర్ 23న సింగరేణి కాలరీస్ కంపెనీ లిమిటెడ్ రిజిస్టర్ అయ్యి, ఆ లండన్ కంపెనీ ఆస్తులు, అప్పులు మొత్తం తీసుకుంది. ఈసారి రిజిస్ట్రేషన్ హైదరాబాద్ కంపెనీల చట్టం కింద. 1945లో నిజాం ప్రభుత్వం అందులో మెజారిటీ షేర్లు కొనేసింది. అవే చేతులు మారి మారి ఇప్పుడు తెలంగాణ ప్రభుత్వానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతంగా ఉన్నాయి. సింగరేణి మీద రాష్ట్రం, కేంద్రం మధ్య మాటల యుద్ధం జరిగినప్పుడల్లా మనం చూసే లెక్క ఇదే.

ఏప్రిల్ 1, 1951

1948 సెప్టెంబర్‌లో పోలీస్ యాక్షన్ జరిగింది. 1950 జనవరి 26న రాజ్యాంగం వచ్చాక హైదరాబాద్ ‘పార్ట్ బి’ రాష్ట్రం అయింది. నిజాం రాజప్రముఖ్ అయ్యారు. జెండా మారింది కానీ చట్టాలు రాత్రికి రాత్రి మారవు కదా. చాలా విషయాల్లో పాత నిజాం చట్టాలే ఇంకా నడుస్తున్నాయి. ఒకే దేశంలో మైసూర్‌కు ఒకటి, తిరువాన్కూరు-కొచ్చిన్‌కు ఒకటి, హైదరాబాద్‌కు ఒకటి.

దీన్ని సరిచేయడానికి పార్లమెంట్ 1951లో పార్ట్ బి రాష్ట్రాల చట్టాల చట్టం తెచ్చింది. పేరు కాస్త తమాషాగా ఉన్నా పని మాత్రం పెద్దది. దేశంలో మిగతా చోట్ల ఉన్న చట్టాల పెద్ద జాబితా తీసుకుని ఈ రాష్ట్రాలకు ఒకేసారి వర్తింపజేసింది. అందులో 1913 నాటి కంపెనీల చట్టం కూడా ఉంది. 1951 ఏప్రిల్ 1 నుంచి అమలు. దాంతో సమానమైన స్థానిక చట్టం ఉంటే అది రద్దు. 1320 ఫసలీ చట్టం కథ అలా ముగిసింది.

మరి దాని కింద పుట్టిన కంపెనీల సంగతి? చట్టం పోతే బిడ్డ కూడా పోతుందా? పోదు. పాత చట్టం కింద వచ్చిన హక్కులు, బాధ్యతలు, చేసిన పనులు అలాగే నిలబడతాయని 1951 చట్టమే చెప్పింది. అందుకే సింగరేణి మళ్లీ పుట్టాల్సిన పని పడలేదు. ఇప్పటికీ దాని వయసు 1920 నుంచే లెక్క.

ఆ తర్వాత సి.హెచ్. భాభా కమిటీ నివేదిక ఆధారంగా 1956 కంపెనీల చట్టం, ఇప్పుడు 2013 చట్టం వచ్చాయి. ఈ 2013 చట్టంలో ‘పాత కంపెనీ చట్టం’ అంటే ఏమేం వస్తాయో చెప్పే నిర్వచనం ఒకటి ఉంది. లా పుస్తకాలు బోర్ అనుకునేవాళ్లు కూడా ఒకసారి చదవొచ్చు. 1866 నాటి బ్రిటిష్ చట్టం, పార్ట్ బి రాష్ట్రాల చట్టాలు, జమ్మూకశ్మీర్ చట్టం, గోవాలో పోర్చుగీసు వాళ్ల వాణిజ్య స్మృతి, 1961 నాటి సిక్కిం చట్టం.. అన్నీ వరుసగా ఉంటాయి. దేశం ఎలా అతుక్కుందో అందులో కనిపిస్తుంది. మన 1320 ఫసలీ చట్టం పేరు విడిగా ఉండదు కానీ ‘పార్ట్ బి రాష్ట్రాల’ మాటలో అది దాగి ఉంది.

రాజ్యాంగం కూడా ఈ విషయంలో గందరగోళం పెట్టలేదు. వ్యాపార సంస్థలను పుట్టించడం, నడిపించడం, మూసేయడం కేంద్ర జాబితాలో 43వ అంశం. వ్యాపారం కాకపోయినా ఒకటికి మించి రాష్ట్రాల్లో పనిచేసేవి 44వ అంశం. కాబట్టి తెలంగాణ అసెంబ్లీ కావాలనుకున్నా సొంతంగా కంపెనీల చట్టం చేసుకోలేదు. 2014లో రాష్ట్రం విడిపోయినప్పుడు ఇది ఎంత కలిసొచ్చిందో చూడండి. తొమ్మిదో షెడ్యూల్లోని దాదాపు 90 ప్రభుత్వ సంస్థల ఆస్తులు ఎవరివి అని ఏళ్ల తరబడి పంచాయితీ నడిచింది. ప్రైవేట్ కంపెనీలకు మాత్రం చట్టం మారలేదు. నంబర్లో రెండు అక్షరాలు మారాయి. ఆంధ్రప్రదేశ్ కంపెనీల కోసం తర్వాత విజయవాడలో వేరే రిజిస్ట్రార్ ఆఫీస్ వచ్చింది. అంతే.

అసలు ఒకే చట్టం ఎందుకు కావాలి?

‘లిమిటెడ్’ అనే చిన్న మాటలోనే అంతా ఉంది. పత్తర్‌గట్టీలో ఇద్దరు అన్నదమ్ములు పార్ట్‌నర్‌షిప్‌లో ముత్యాల షాప్ నడుపుతున్నారనుకుందాం. షాప్ మునిగితే అప్పులవాళ్లు వాళ్ల ఇంటి దాకా రావచ్చు. అదే ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ అయితే, వాళ్లు షేర్లకు పెట్టిన డబ్బు వరకే నష్టం. ఇల్లు, ఇంట్లో బంగారం జోలికి రారు. (బ్యాంకు లోన్ ఇచ్చేటప్పుడు సొంత గ్యారంటీ సంతకం పెట్టించుకుంటే ఈ రక్షణ అక్కడికక్కడే గాలికి పోతుంది. అది వేరే కథ. కానీ చాలామంది ఆ కాగితం చదవకుండానే సంతకం పెడతారు.)

ఇప్పుడు ఇదే విషయాన్ని అవతలివాళ్ల వైపు నుంచి చూడండి. సూరత్‌లోనో జైపూర్‌లోనో కూర్చున్న వ్యాపారి వీళ్లకు అప్పు మీద సరుకు పంపాలి. వీళ్లు ఎవరో ఆయనకు తెలియదు. మునిగితే ఇంటి మీదకు వెళ్లే వీలూ లేదు. ఆయనకున్న ధైర్యం ఒకటే. ఈ కంపెనీ డైరెక్టర్లు ఎవరు, ఆస్తులు ఎక్కడ తాకట్టులో ఉన్నాయి, లెక్కలు ఏటా దాఖలు చేస్తోందా లేదా అన్నది తన ఊళ్లో కంపెనీకి ఎలా చూసుకుంటారో, హైదరాబాద్ కంపెనీకీ అలాగే చూసుకోవచ్చు. రూల్ ఒకటే, రికార్డు దొరికే చోటూ ఒకటే. రాష్ట్రానికో చట్టం ఉంటే ఆయన ముందు హైదరాబాద్ లాయర్ని పెట్టుకోవాలి, ఆ తర్వాతే సరుకు పంపాలి.

అమెరికాలో ఉన్న మన బంధువులను అడిగితే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. అక్కడ కంపెనీ చట్టం ఏ రాష్ట్రానిది ఆ రాష్ట్రానిదే. వ్యాపారం టెక్సస్‌లో చేస్తూ రిజిస్ట్రేషన్ మాత్రం డెలావేర్ అనే బుల్లి రాష్ట్రంలో చేసుకోవచ్చు. అప్పుడు కంపెనీ లోపలి గొడవలకు డెలావేర్ చట్టమే వర్తిస్తుంది. 1899 నాటి ఆ చట్టం యాజమాన్యాలకు నచ్చి, ఫార్చ్యూన్ 500 కంపెనీల్లో మూడింట రెండొంతులకు పైగా అక్కడే రిజిస్టర్ అయ్యాయి. ఆ ఫీజులు, పన్నులే ఆ రాష్ట్ర ఖజానాకు పెద్ద ఆదాయం. అన్ని చోట్లా ఒకేలా ఉండాలని అమెరికన్ బార్ అసోసియేషన్ ఒక నమూనా చట్టం రాస్తే 30కి పైగా రాష్ట్రాలు ఏదో రూపంలో తీసుకున్నాయి. డెలావేర్ తీసుకోలేదు. ఎందుకు తీసుకుంటుంది? తన దుకాణం తనది.

2024 జనవరిలో డెలావేర్ కోర్టు ఎలాన్ మస్క్ జీతం ప్యాకేజీని కొట్టేసింది. అదే ఏడాది జూన్‌లో టెస్లా వాటాదారులు ఓటేసి కంపెనీ రిజిస్ట్రేషన్‌ను టెక్సస్‌కు మార్చేశారు. తీర్పు నచ్చకపోతే రాష్ట్రం మార్చుకోవడం అన్నమాట. మన దగ్గర హైదరాబాద్ కంపెనీ బెంగళూరుకో ముంబైకో రిజిస్టర్డ్ ఆఫీస్ మార్చుకుంటే ఆఫీస్ మాత్రమే మారుతుంది, చట్టం మారదు. పైగా దానికి కూడా వాటాదారుల ప్రత్యేక తీర్మానం, కేంద్రం అనుమతి కావాలి. అమెరికా పద్ధతిలో రాష్ట్రాలు పోటీపడి చట్టాలు మెరుగుపరుస్తాయని వాదించేవాళ్లున్నారు. కావచ్చు. కానీ ఆ పోటీ యాజమాన్యాలను మెప్పించడానికే తప్ప సరుకు అప్పిచ్చిన చిన్న వ్యాపారిని కాపాడటానికి కాదని నాకనిపిస్తుంది.

చట్టం ఒకటే.. మరి అన్నీ ఒకటేనా?

కాదు. అసలు తిరకాసు ఇక్కడే ఉంది.

ముందు కోర్టు సంగతి. మూసీ దక్షిణ ఒడ్డున, మదీనా సెంటర్‌కు దగ్గర్లో, ఎర్రటి గోపురాలతో కనిపించే హైకోర్టు భవనం 1920లో మొదలైంది. సింగరేణి పుట్టిన ఏడాదే. కంపెనీల విలీనాలు, మూసివేతలు దశాబ్దాల పాటు పాతబస్తీలోని ఆ భవనంలోనే తేలాయి. సత్యం కేసే తీసుకోండి. 2009 జనవరి 7న రామలింగరాజు లేఖతో కుంభకోణం బయటపడింది. టెక్ మహీంద్రా దాన్ని కొంది. రెండు కంపెనీలనూ కలిపేయాలనుకుంటే ఒక కోర్టు సరిపోలేదు. టెక్ మహీంద్రా రిజిస్టర్డ్ ఆఫీస్ ముంబై కాబట్టి బాంబే హైకోర్టు, సత్యం ఆఫీస్ ఇక్కడ కాబట్టి అప్పటి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు. ముంబైలో 2012లోనే ఓకే అయిపోయింది. ఇక్కడ 2013 జూన్ దాకా ఆగాల్సి వచ్చింది. చట్టం ఒకటే, సెక్షన్లు అవే, తీర్పులు మాత్రం రెండు.

2016 జూన్ 1న నేషనల్ కంపెనీ లా ట్రిబ్యునల్ వచ్చింది. ఆ ఏడాది చివరికల్లా ఈ పని హైకోర్టుల నుంచి అక్కడికి మారింది. అయినా రెండు రాష్ట్రాల కంపెనీలు కలవాలంటే మామూలుగా రెండు బెంచ్‌ల గడప తొక్కాల్సిందే.

రిజిస్ట్రేషన్ మాత్రం బాగా సులువైంది. పాతబస్తీలో కూర్చుని ఆన్‌లైన్‌లో స్పైస్ ప్లస్ ఫారం నింపితే దాన్ని పరిశీలించేది హర్యానా మానేసర్‌లోని సెంట్రల్ రిజిస్ట్రేషన్ సెంటర్. 15 లక్షల అధీకృత మూలధనం వరకు కేంద్రం రిజిస్ట్రేషన్ ఫీజు సున్నా. కానీ అదే ఫారంలో కంపెనీ నియమావళి పత్రాలకు స్టాంప్ డ్యూటీ కట్టాలి. అది రాష్ట్రానికి వెళ్తుంది, ఒక్కో రాష్ట్రంలో ఒక్కో రేటు. ఫ్రీ రిజిస్ట్రేషన్ అని వీడియోల్లో ఊదరగొట్టేవాళ్లు ఈ ముక్క చెప్పరు.

షేర్లు జారీ చేసినప్పుడు కట్టే స్టాంప్ డ్యూటీ కూడా ఒకప్పుడు ఇలాగే రాష్ట్రానికో రకంగా ఉండేది. 2020 జూలై 1 నుంచి దాన్ని దేశమంతా 0.005 శాతం చేశారు. 10 లక్షల షేర్ల జారీకి 50 రూపాయలు. స్టాక్ మార్కెట్లో డెలివరీకి కొంటే 0.015 శాతం. ఎక్స్చేంజ్‌లు వసూలు చేసి, కొన్నవాళ్లు ఉండే రాష్ట్రానికి పంపిస్తాయి. రాష్ట్రాల ఆదాయం ముట్టుకోకుండా రూల్ మాత్రం ఒకటి చేయొచ్చని ఇది చూపించింది. ఇలాంటి పని ఇంకెన్ని చోట్ల చేయొచ్చో ఆలోచించాలి.

ఇక షట్టర్ ఎత్తాక వచ్చేవన్నీ రాష్ట్రానివే. దుకాణాల చట్టం కింద లేబర్ రిజిస్ట్రేషన్, వృత్తి పన్ను, కార్పొరేషన్ ట్రేడ్ లైసెన్స్. బోర్డు సంగతి మాత్రం ఆసక్తిగా ఉంటుంది. కంపెనీ పేరు, రిజిస్టర్డ్ ఆఫీస్ అడ్రస్ ప్రతి ఆఫీస్ బయటా కనిపించేలా రాయాలని కంపెనీల చట్టం చెబుతుంది. అది కూడా ఆ ప్రాంతంలో జనం వాడే భాషల్లో ఒకదాని లిపిలో ఉండాలి. అంటే చార్మినార్ దగ్గర వట్టి ఇంగ్లిష్ బోర్డు పెడితే ఈ కేంద్ర చట్టం ప్రకారమే తప్పు. తెలుగో ఉర్దూనో పక్కన ఉండాలి. రూల్ పాటించకపోతే రోజుకు 1,000 రూపాయల జరిమానా, గరిష్ఠంగా లక్ష. ఎంతమందికి తెలుసు?

లాడ్ బజార్ గాజులకు ఏ చట్టం?

హైదరాబాద్ లక్క గాజులకు 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది. పేరు కాపాడుకోవడానికి మంచి ఆయుధమే. మరి ఆ పేరుతో వచ్చే డబ్బు కార్ఖానాలో కొలిమి ముందు కూర్చునేవాళ్లకు చేరాలంటే వాళ్లంతా కలిసి ఒక సంస్థ పెట్టుకోవాలి. ఇక్కడే కేంద్ర చట్టమా, రాష్ట్ర చట్టమా అన్నది నిజంగా తేడా చూపిస్తుంది.

ఒక దారి సహకార సంఘం. అది రాజ్యాంగంలో రాష్ట్ర జాబితా, 32వ అంశం. ఉమ్మడి ఏపీ నుంచి వచ్చిన 1964 సహకార చట్టం కింద పెట్టుకోవచ్చు. ప్రభుత్వ జోక్యం తక్కువ కావాలంటే 1995 నాటి పరస్పర సహాయక సంఘాల చట్టం ఉంది. రెండూ రాష్ట్రానివే. బీదర్‌లోనో ఔరంగాబాద్‌లోనో ఉన్న చేతివృత్తులవాళ్లను కూడా కలుపుకోవాలంటే మళ్లీ 2002 నాటి బహుళ రాష్ట్రాల సహకార చట్టం కిందకు, అంటే కేంద్రం దగ్గరికి వెళ్లాలి.

ఇంకో దారి ప్రొడ్యూసర్ కంపెనీ. ఇది రైతులకే అని చాలామంది అనుకుంటారు. కాదు. చేనేత, హస్తకళలు, కుటీర పరిశ్రమల ఉత్పత్తి కూడా ఇందులోకి వస్తుందని కంపెనీల చట్టమే చెబుతోంది. పది మంది ఉత్పత్తిదారులు కలిస్తే చాలు. వ్యక్తులే సభ్యులైతే, ఎవరి దగ్గర ఎన్ని షేర్లున్నా మనిషికి ఒకే ఓటు. అంటే సహకార సంఘం స్వభావం ఉంటుంది, చట్టం మాత్రం దేశమంతా చెల్లేది. లెక్కలు, ఆడిట్, ఏటా ఫైలింగ్ తప్పవు. ఆలస్యమైతే జరిమానా పడుతుంది. దానికి ఒక సీఏ ఖర్చు ఉంటుంది. చదువు తక్కువ ఉన్న కార్మికులకు అది చిన్న భారం కాదు.

సహకార చట్టాలను కూడా అన్ని రాష్ట్రాల్లో ఒకే దారిలో పెట్టాలని కేంద్రం ప్రయత్నించింది. 2011లో 97వ రాజ్యాంగ సవరణ చేసింది. డైరెక్టర్లు 21 మందికి మించకూడదు, పదవీకాలం ఐదేళ్లు లాంటి రూల్స్ రాష్ట్రాలకు పెట్టింది. రాష్ట్ర జాబితాలో వేలు పెడుతూ సగం రాష్ట్రాల ఆమోదం మాత్రం తీసుకోలేదు. 2013లో గుజరాత్ హైకోర్టు కొట్టేసింది. 2021 జూలైలో సుప్రీంకోర్టు కూడా, బహుళ రాష్ట్రాల సంఘాల వరకే ఆ భాగం చెల్లుతుందని తేల్చింది. 1951లో ఒక చట్టంతో అయిపోయిన పని ఇక్కడ పదేళ్లు కొట్లాడినా కాలేదు.

ఒక సంస్థకు ఇద్దరు యజమానులుంటే ఏమవుతుందో హైదరాబాద్ ఇప్పటికే చూసింది. 2000ల మొదట్లో కృషి బ్యాంక్, చార్మినార్ బ్యాంక్ లాంటి కోఆపరేటివ్ అర్బన్ బ్యాంకులు వరుసగా కూలిపోయాయి. బ్యాంకింగ్ వ్యవహారం రిజర్వ్ బ్యాంక్ చేతిలో ఉండేది. యాజమాన్యం, ఎన్నికలు, లిక్విడేషన్ రాష్ట్ర సహకార రిజిస్ట్రార్ చేతిలో. ఇద్దరి మధ్యలో డిపాజిటర్. అప్పట్లో డిపాజిట్ బీమా లక్ష రూపాయలే. యాజమాన్యం మీద రిజర్వ్ బ్యాంక్‌కు గట్టి అధికారాలు వచ్చింది 2020 చట్ట సవరణతో. అదే ఏడాది బీమా కూడా ఐదు లక్షలైంది. అప్పటికే నగరంలో ఎన్నో కుటుంబాలు పెళ్లిళ్లకు దాచుకున్న డబ్బు కోసం ఏళ్ల తరబడి తిరిగాయి.

మీ దగ్గరికి ఎవరైనా వచ్చి డబ్బు అడిగితే..

‘మాది రిజిస్టర్డ్ కంపెనీ, గవర్నమెంట్ సర్టిఫికెట్ ఉంది’ అనే మాట నమ్మి డబ్బు పెట్టేవాళ్లు ఇప్పటికీ చాలామందే. ఆ సర్టిఫికెట్ కంపెనీ పుట్టిందని మాత్రమే చెబుతుంది. మీ దగ్గర డిపాజిట్ తీసుకోవచ్చని చెప్పదు. ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ బయటి జనం దగ్గర డిపాజిట్లు తీసుకోకూడదు. పబ్లిక్ కంపెనీల్లో కూడా నికర విలువ 100 కోట్లు లేదా టర్నోవర్ 500 కోట్లు ఉన్నవాటికే, అదీ రేటింగ్ తెచ్చుకుని, షరతులతో ఆ వీలుంది. ఫైనాన్స్ కంపెనీలకు రిజర్వ్ బ్యాంక్ రూల్స్ వేరు. ఏ అనుమతీ లేని డిపాజిట్ స్కీములను 2019లో కేంద్రం చట్టం చేసి పూర్తిగా నిషేధించింది.

చిట్టీలది ఇంకో దారి. చట్టం 1982 నాటి కేంద్ర చట్టమే. కానీ ఎప్పటి నుంచి అమలు చేయాలన్నది రాష్ట్రాన్ని బట్టి ఉండటంతో, 1971 నాటి సొంత చట్టంతో నడిచిన ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో అది 2008లో గానీ అమల్లోకి రాలేదు. ప్రతి చిట్టీ గ్రూపుకూ రాష్ట్ర చిట్స్ రిజిస్ట్రార్ దగ్గర ముందస్తు అనుమతి ఉండాలి. కంపెనీ రిజిస్ట్రేషన్ నంబర్ చూపించి చిట్టీ కట్టించుకుంటే అది చాలదు. గ్రూపు అనుమతి కాగితం అడగండి.

కంపెనీ అయితే బోర్డు మీద, బిల్లు మీద సీఐఎన్ కోసం చూడండి. లెటర్‌హెడ్, బిల్లుల మీద అది ముద్రించి తీరాలి. ఆ నంబర్‌ను కేంద్ర కార్పొరేట్ వ్యవహారాల శాఖ వెబ్‌సైట్లో కొడితే పేరు, రిజిస్టర్డ్ అడ్రస్, డైరెక్టర్లు, చివరిసారి లెక్కలు ఎప్పుడు దాఖలు చేశారు అన్నవి ఫ్రీగా వస్తాయి. మధ్యలో టీజీ అని ఉన్నా, ఎంహెచ్ అని ఉన్నా, డీఎల్ అని ఉన్నా వెతికే చోటు అదే. చివరి లెక్కలు మూడు నాలుగేళ్ల కిందటివైతే అనుమానించండి. స్టేటస్ దగ్గర ‘స్ట్రైక్ ఆఫ్’ అని కనిపిస్తే ఆ కంపెనీ పేరు రిజిస్టర్ నుంచి ఎప్పుడో కొట్టేశారని అర్థం.